రేకులో ఒదిగిన హాలు

పాటకు హాలులో పాడినంత మారుమోత కావాలంటే ఒకప్పుడు రికార్డింగ్ స్టూడియోలు అందుకోసం ఒక ఖాళీ గదినే వదిలిపెట్టేవి. ఒక మూల స్పీకరు, ఇంకో మూల మైకు. నగరంలో గది అంటే మాటలా? 1957లో పశ్చిమ జర్మనీ సంస్థ ఈఎంటీ ఆ గది బదులు ఒక ఉక్కు రేకును అమ్మకానికి పెట్టింది. పేరు ఈఎంటీ 140. ఆలోచన వాల్టర్ కూల్ అనే ధ్వనిశాస్త్రవేత్తది.

రేకు పొడవు సుమారు రెండు మీటర్లు, వెడల్పు మీటరు, మందం అర మిల్లీమీటరు. దాన్ని చట్రానికి స్ప్రింగులతో బిగదీశారు. నడుమ ఒక పరికరం పాటను బట్టి రేకును కంపింపజేస్తే, దూరంగా అతికించిన పికప్‌లు ఆ కంపనాన్ని మళ్లీ విద్యుత్తుగా మారుస్తాయి. బరువు 270 కిలోల దాకా. అయినా గది అద్దె కంటే నయమే.

ఇది గదికి నకలు అనుకుంటే పొరపాటు. గాలిలో ఏ స్వరమైనా సెకనుకు దాదాపు 343 మీటర్లే పోతుంది. రేకును వంచుతూ సాగే అల అలా కాదు, పౌనఃపున్యం నాలుగింతలైతే వేగం రెండింతలవుతుంది. ఈ మందంలో 1,500 హెర్ట్జ్ అల వేగం 86 మీటర్లయితే, 6,000 హెర్ట్జ్ అలది 170 పైమాటే. తారస్వరాలు ముందొచ్చి, మంద్రం వెనక చేరుతుంది. డ్రమ్ము దెబ్బకు రేకు అద్దే మెరుపు అక్కడిదే. గది కంటే ఇదే బాగుందనేవాళ్లున్నారు, నా ఓటూ దీనికే.

రేకు అల గాలిలోని శబ్దవేగాన్ని అందుకునేది 24,000 హెర్ట్జ్ దగ్గర, మన చెవికి అందని చోట. అంతకు దిగువన రేకు ఒకచోట నెట్టిన గాలి, పక్కనే వెనక్కి తగ్గిన చోటుకు జారుకుంటుంది. శబ్దం పెద్దగా బయటికి పోదు, శక్తి రేకులోనే ఉండిపోయి మోత ఐదు సెకన్లు సాగుతుంది. దాన్ని కుదించాలంటే సన్నని రంధ్రాలున్న ఇంకో పలకను రేకుకు దగ్గరగా జరుపుతారు. మధ్య గాలిపొర శక్తిని తినేస్తుంది.

ఈ మోతను కంప్యూటర్‌లో లెక్కలతో పుట్టించాలనుకుంటే రేకు సులువుగానే లొంగింది. ఆధారం 1850 నాటి కిర్హాఫ్ సమీకరణం. రేకును గళ్లుగా విడగొట్టి, ప్రతి గడి కదలికనూ పక్క గళ్లను బట్టి సెకనుకు 44,100 సార్లు లెక్కగడతారు. గడి 8 మిల్లీమీటర్లయితే మొత్తం 31 వేల గళ్లు. చిక్కంతా రేకు శక్తిని తినే చుట్టుపక్కల గాలితోనే. అదే పద్ధతిలో ఒక్క ఘనమీటరు గాలికే నాలుగు లక్షల గళ్లు కావాలి! ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ బిల్బావ్ బృందం ఇలాంటి లెక్కలను గ్రాఫిక్స్ ప్రాసెసర్ల మీద నడిపింది. అంత యంత్రబలం లేనివారికి దగ్గరదారి ఒకటుంది: గాలి వల్ల ఏ పౌనఃపున్యం ఎంత త్వరగా తగ్గుతుందో ముందే తేల్చి, ఆ తరుగుదలను రేకు సమీకరణానికి తగిలించడం.

ఈఎంటీ 140కి ఆ దారి చాలు, ఎందుకంటే పికప్‌లు వినేది రేకునే. గుడిగంటనో తాళాలనో కంప్యూటర్లో మోగించాలంటే మాత్రం గాలి గళ్లు లెక్కపెట్టక తప్పదు.