చేప ఏం తింటే మనం అదే

పండుగప్పకు ఏ మేత వేయాలన్నది నాగాయలంక రైతు లెక్క. అందులో తార్నాక వంటింటికీ వాటా ఉంది.

ఆదివారం పొద్దున హైదరాబాద్‌ రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లే గోల్నాక, తార్నాక జనం మొప్పలు ఎత్తి చూస్తారు, కన్ను చూస్తారు, ధర దగ్గర బేరమాడతారు. ఏం తిని పెరిగిందని మాత్రం అడగరు. రవ్వు, బొచ్చె అయితే పెద్దగా అడగక్కర్లేదు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో తవుడు, చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో వేలాడదీస్తే అవే వచ్చి పొడుచుకు తింటాయి. పండుగప్ప, కోబియా అలా కాదు. అవి వేటాడి తినే జాతులు. వాటికి తవుడు వేస్తే నీళ్లు పాడవుతాయి గానీ చేప పెరగదు.

కిలో మేత ధర కాదు, కిలో చేప ఖర్చు

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 2007లో విశాఖ తీరంలో పంజరం దింపి పండుగప్పను పెంచి చూపింది. తర్వాత అంతర్వేది చెరువుల్లో పాంపనో అనే సముద్ర చేప, నాగాయలంక దగ్గర కృష్ణలో పండుగప్ప సాగు వచ్చాయి. ఎక్కడైనా పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది.

బోట్ల వలల్లో పడే చిల్లర చేప చవకగా దొరుకుతుంది. కానీ అందులో నాలుగింట మూడొంతుల దాకా నీరే. కిలో పండుగప్ప పెరగాలంటే ఆరేడు కిలోలు వేయాలి. గుళికల మేత అయితే దాదాపు రెండు కిలోలు చాలు. చిల్లర చేప కిలో 25 రూపాయలు, గుళికలు 85 అనుకుందాం. ఏడు కిలోలు పడితే 175, రెండు కిలోల గుళికలకు 170. చవక అనుకున్నదే ఖరీదు కావచ్చు! పైగా చిల్లర చేప రోజూ ఒకేలా దొరకదు, రోగాలు మోసుకొస్తుంది, మిగిలిన ముక్కలు నీటిని కుళ్లబెడతాయి.

మేత సంచి మీద చూడాల్సినవి

మాంసకృత్తులు 40 నుంచి 45 శాతం ఉండాలి, చేప పిల్లల మేతలో ఇంకా ఎక్కువ. గుళిక చేప నోటికి సరిపోవాలి. తేలే మేత అయితే ఎంత తిన్నదో, ఎక్కడ ఆపాలో కంటికే తెలుస్తుంది. ముక్కిన వాసన వస్తే ఆ సంచి పక్కన పెట్టాల్సిందే.

చాలామంది కొవ్వు అంకె చూడరు. మంచినీటి చేపలు మొక్కల నూనెలోని ఒమేగా-3ను కొంతవరకు డీహెచ్ఏ, ఈపీఏ అనే గుండెకు మేలుచేసే కొవ్వులుగా మార్చుకోగలవు. సముద్రంలో వేటాడే చేపల్లో చాలా జాతులకు ఆ శక్తి దాదాపు లేదు. వాటికి ఆ కొవ్వులు మేతలోనే అందాలి. అందుకే చేపనూనె కావాలి.

పెరూలో నెత్తళ్లు పడకపోతే

ఆ నూనెలో పెద్ద వాటా పెరూ తీరపు నెత్తళ్ల జాతి చేపల నుంచి వస్తుంది. 2023లో ఎల్‌నినో వల్ల అక్కడ తొలి సీజన్ వేట రద్దయింది, నూనె ధర మండిపోయింది. నార్వే సాల్మన్ రైతులు ముందే దారి మార్చారు. 1990లో వాళ్ల మేతలో 90 శాతం చేపపొడి, చేపనూనెలే. 2013 నాటికి అవి 30 శాతానికి దిగాయి. మిగతాది సోయా, ఆవజాతి గింజల నూనె వంటివి. సాల్మన్ బాగానే పెరిగింది, మాంసంలో ఒమేగా-3 తగ్గింది.

దీనికి ఉపాయం ఉంది. పట్టుబడికి ముందు కొన్ని నెలలు చేపనూనె గానీ, సూక్ష్మ నాచు నూనె గానీ ఉన్న మేత వేస్తే ఆ కొవ్వులు చాలావరకు తిరిగి వస్తాయి. మేతలో కలిపే పురుగుల పొడి మాంసకృత్తులిస్తుంది గానీ ఈ పని చేయలేదు.

తార్నాకలో పట్టిక

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. అది 2017లో వెలువరించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల పోషకాలున్నాయి, సముద్ర చేపలవీ ఉన్నాయి. మేత మారినా చేపలో మాంసకృత్తులు పెద్దగా మారవు, కొవ్వు తీరు మాత్రం మారిపోతుంది. అంటే పెంపకం పండుగప్పకు జాతి పేరుతో ఒకే అంకె రాసుకుంటే సరిపోదు.

మంచి నూనె ఉన్న మేతకు రైతు ఎక్కువ పెట్టాలి. పట్టణం ఆ తేడాను గుర్తించి ధర ఇవ్వకపోతే అతను చవక సంచికే మళ్లుతాడు. గుండెకు మంచిదని చేప కొనేవాళ్లు మొప్పలతో పాటు మేత సంగతీ అడగడం మొదలుపెట్టాలి.