శాలువా కప్పుకున్న వెబ్‌సైటు

బిరుదంటే చెవి కోసుకునే జాతి మనది. పెద్దనగారికి రాయలవారు స్వహస్తాలతో గండపెండేరం తొడిగారని చెప్పుకుని ఇప్పటికీ పొంగిపోతాం. శ్రీనాథుడు విజయనగరం వెళ్ళి, గౌడ డిండిమభట్టును వాదంలో గెలిచి, అతగాడి కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్న కథ వింటుంటే మీసం లేనివాడికి కూడా చెయ్యి మూతిమీదికి పోతుంది. ఇక ఈ కాలం సంగతి చెప్పేదేమున్నది? శాలువా లేని సభ లేదు, జ్ఞాపిక లేని షష్టిపూర్తి లేదు. మనుషుల వంతు అయిపోయి వెబ్‌సైట్లకు కూడా సన్మానాలు మొదలై చాలా ఏళ్ళయింది. "ఉత్తమ వెబ్‌సైటు" అన్న ముద్ర నుదుట దిద్దుకుని ఎన్నో సైట్లు పేరంటాళ్ళలా కళకళలాడుతున్నాయి.

ఇందులో తప్పేమున్నదంటారా? నిజమే, తప్పులేదు. వెబ్‌సైటు పెట్టడమంటే కోట్ల దుకాణాలున్న బజారులో ఒక మూల చిన్న కొట్టు తెరవడం. సరుకు ఎంత మంచిదైనా దారిన పోయేవాడు తల తిప్పి చూస్తేగా! అడగనిదే అమ్మయినా పెట్టదు. అంచేత గుర్తింపు కోరడం సిగ్గుపడవలసిన పని కాదు. ఏ గుర్తింపు కోరాలి, ఎవరిని కోరాలి, దానికి ఎంత ఖర్చు పెట్టాలి అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న మా ముగ్గురి ముందుకు నిజంగానే వచ్చింది గనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేటి మేటి సైటు

వెబ్ పుట్టిన కొత్తలోనే బహుమతులూ పుట్టాయి. 1994 మే నెలలో జెనీవాలో మొట్టమొదటి అంతర్జాతీయ వెబ్ మహాసభ జరిగింది. ఆ సభలోనే ఆ ఏటి మేలైన సైట్లను ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో గ్లెన్ డేవిస్ అనే అమెరికను "కూల్ సైట్ ఆఫ్ ది డే" మొదలుపెట్టాడు. మన మాటల్లో "నేటి మేటి సైటు" అనుకోండి. రోజుకొక్క సైటును చూపిస్తాడు, అంతే. పతకం లేదు, పైకం లేదు. కాని ఆయన వేలు చూపిన మరుక్షణం జనం విరగబడేవారు. ఆ తాకిడికి తట్టుకోలేక కొన్ని సైట్లు చతికిలబడిపోయేవి కూడా. అక్షింతలు వేయబోతే పందిరి కూలినట్టు!

1996లో వెబ్బీ అవార్డులు వచ్చాయి. మొదటి సభ 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. వీటిలో ఒక్కొక్క విభాగానికి రెండేసి బహుమతులు: ఒకటి నిపుణులు ఇచ్చేది, రెండోది జనం ఓట్లతో వచ్చేది. పోటీలో దిగడానికి రుసుము కట్టాలి. అక్కడి నియమం ఒకటి మన సభలవారు తక్షణం దిగుమతి చేసుకోవలసినది. బహుమతి అందుకున్నవాడు అయిదంటే అయిదే మాటలు మాట్లాడాలి! 2000 సంవత్సరపు అధ్యక్ష ఎన్నికలో ఓట్ల లెక్కింపు తగాదాలో ఓడిపోయిన అల్ గోర్ 2005లో ఈ సభకు వచ్చి, "దయచేసి ఈ ఓట్లను మళ్ళీ లెక్కించకండి" అని కూర్చున్నాడట. మన వేదికల మీద అయిదు మాటల నియమం పెడితే అధ్యక్షులవారి తొలిపలుకుల్లో "సభకు నమస్కారం" అయ్యేసరికే సగం చెల్లిపోతుంది.

ముద్ర కాదు, గాలం

ఇవి పెద్ద బహుమతులు. వీటి వెనకాలే పుట్టగొడుగుల్లా చిన్న బహుమతులు మొలిచాయి. ఎవరికి వారే ఒక బంగారు పతకం బొమ్మ గీసి, కనిపించిన సైటుకల్లా "మీకు మా అవార్డు ఇస్తున్నాం, ఈ బొమ్మను మీ పేజీలో పెట్టుకోండి" అని రాసేవారు. పుచ్చుకున్నవాడు మురిసిపోయి పెట్టుకునేవాడు. ఆ బొమ్మ మీద నొక్కితే ఎక్కడికి పోతుంది? ఇచ్చినవాడి సైటుకు! వందమందికి పతకాలు పంచితే వంద ఇళ్ళ గుమ్మాలకు తన కొట్టు బోర్డు ఉచితంగా తగిలించినట్టయింది.

1998లో గూగులు వచ్చాక ఈ వ్యాపారానికి రెండో అంతస్తు లేచింది. ఒక సైటు మరో సైటుకు లింకు ఇస్తే దానిని ఓటుగా లెక్కకట్టే పద్ధతి గూగులుది. అప్పుడు పతకం బొమ్మ అలంకారమే కాక ఓటుచీటీ కూడా అయింది. డబ్బు తీసుకునో, బొమ్మలు పంచో సంపాదించిన లింకులను లెక్కలోకి తీసుకోమని, పైగా అలాంటి పనులు చేసేవారిని వెనక్కు నెడతామని ఆ సంస్థే నియమాలు రాసుకున్నది. అయినా ఆశ చావదు కదా.

అన్నీ వున్న విస్తరి అణిగిమణిగి వుంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది. ఏ సైటులోనయినా పతకాల బొమ్మలు పది కనిపిస్తే ఈ సామెత గుర్తు చేసుకుని, తరువాత లోపలి పేజీలు తెరవండి.

మా గూటికి వచ్చిన చిలక

మాది చేనేత మాటల సైటు. గుంటమగ్గం, పడుగు, పేక, నాడె, కండె, ఆసు వంటి మాటలు ఏ వూళ్ళో ఎలా పలుకుతారో, ఆ పనిముట్టు ఎలా వుంటుందో ఫోటోలతో, నేతగాళ్ళ గొంతుతో సహా పెడుతున్నాం. ముగ్గురం: రిటైరయిన డ్రాయింగు మాస్టారు ఒకరు, కంప్యూటరు తెలిసిన కుర్రవాడొకడు, రాతకోతలు చూసే నేను. రెండేళ్ళపాటు ఆసులో కండెల్లా తిరిగాం. తెలిసినవాళ్ళు తలా కాస్తా వేసుకుని 40,000 రూపాయలు పోగుచేసి ఇచ్చారు. ఎనభై దాటిన నేతగాళ్ళు కొందరున్నారు, వాళ్ళ మాటలు రికార్డు చెయ్యడానికి.

అప్పుడు ఒక ఈ-మెయిలు వచ్చింది. దేశంలోని అత్యుత్తమ సాంస్కృతిక వెబ్‌సైట్లలో మాది ఎంపికయిందట. పెద్ద హోటల్లో సభ, జ్ఞాపిక, శాలువా, ప్రముఖులతో ఫోటో. అడుగున చిన్న అక్షరాలలో: నమోదు రుసుము 35,000 రూపాయలు.

కుర్రవాడు ఎగిరి గంతేశాడు. అతని వాదన తీసిపారేయదగ్గది కాదు. "మాస్టారూ, మొన్న విరాళం అడగడానికి వెళ్ళినప్పుడు ఆ పెద్దమనిషి మొదట అడిగిందేమిటి? 'మీకేమయినా అవార్డు వచ్చిందా బాబూ' అనలేదూ? ఈ ఒక్క ముద్ర వుంటే రెండు లక్షలు తేవచ్చు."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "తేవచ్చు నాయనా. ఈలోగా ఆ ముసలాయన వుంటాడా?" అన్నారు.

ఇద్దరి మాటా నిజమే. అంచేత తగవు తీర్చడానికి ఒక ఉపాయం చేశాం. ఆ సంస్థకు మూడు ప్రశ్నలు రాసి పంపాం. న్యాయనిర్ణేతలు ఎవరు? ఎన్ని సైట్లు పరిశీలించి, ఎన్నింటిని కాదన్నారు? మా సైటులో మీరు చూసిన పేజీలేవి?

మర్నాడే జవాబు వచ్చింది. "రుసుము చెల్లించడానికి రేపే ఆఖరు తేదీ." అంతే!

కుర్రవాడే నవ్వేశాడు. ఆ వారమే ముగ్గురం రికార్డింగు పెట్టె భుజాన వేసుకుని బస్సెక్కాం.

ఏది బహుమతి?

ఆ మూడు ప్రశ్నలు ఎవరికయినా పనికివస్తాయి. శ్రీనాథుడి కథలో మనం మరచిపోయే సంగతి ఒకటున్నది. కనకాభిషేకానికి ముందు వాదం జరిగింది. ఎదుట వున్నవాడు డిండిమభట్టు. ఓడిపోతే ఉన్న బిరుదులు కూడా అక్కడే వదిలి రావలసినదే. ఓడిపోయే వీలు లేని చోట గెలుపు కూడా లేదు. ఎవరినీ కాదనని బహుమతి, బహుమతి కాదు, అమ్మకం. రుసుము వున్నంత మాత్రాన బహుమతి బూటకమని నా ఉద్దేశం కాదు. పరీక్షకు ఫీజు కట్టడం వేరు, డిగ్రీ కొనుక్కోవడం వేరు.

అసలయిన పరీక్షలు లేకపోలేదు. ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ఆర్స్ ఎలెక్ట్రానికా వారి బహుమతులు 1987 నుంచి వున్నాయి. 1995లో వాటిలో వెబ్‌కు కూడా చోటిచ్చారు. 2004లో అక్కడి "గోల్డెన్ నికా" వికీపీడియాకు దక్కింది. అప్పటికి తెలుగు వికీపీడియా పుట్టి ఏడాది కూడా నిండలేదు. ప్రపంచ సమాచార సమాజ మహాసభ సందర్భంగా 2003లో మొదలయిన వరల్డ్ సమ్మిట్ అవార్డులకు దేశానికి ఒక్కో విభాగంలో ఒక్కదానినే పంపాలి, అంటే మొదటి వడపోత ఇంట్లోనే జరుగుతుంది. మన ప్రభుత్వ సైట్ల కోసం 2009లో "వెబ్ రత్న" పేరుతో ఆరంభమయినవే తరువాత డిజిటల్ ఇండియా అవార్డులయినాయి.

బహుమతి కాకుండా యోగ్యతాపత్రం అనదగినది మరొకటి వుండేది. జెనీవాలో 1995లో ఏర్పడిన ఒక సంస్థ వైద్యవిషయాల సైట్లకు ఎనిమిది సూత్రాలు పెట్టింది. రాసినవాడెవరు, అతని అర్హత ఏమిటి, ఆధారం ఎక్కడిది, డబ్బు ఎవరిస్తున్నారు, ప్రకటనలను వేరుగా చూపుతున్నారా అని పరిశీలించి, నెగ్గినవాటికి "హాన్‌కోడ్" ముద్ర ఇచ్చేది. 2022తో ఆ పని ఆగిపోయింది. ముద్ర వేసే చెయ్యి లేకపోయినా ముద్ర బొమ్మ పాత పేజీలలో మిగిలిపోవచ్చు. కనుక బొమ్మను చూసి నమ్మకండి, దాని తేదీ అడగండి. కాని ఆ ప్రశ్నలకు మాత్రం కాలదోషం లేదు. ఏ సైటువారయినా తమకు తాము వేసుకోవలసినవే.

బహుమతి కానివాటిని బహుమతిగా చూపించడం ఇంకో వేడుక. ఇంటర్నెట్టు పత్రికలు కొన్ని తమ ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్యను కిరీటంలా పెట్టుకుంటాయి. ఆ ఎనిమిది అంకెలు పత్రికను గుర్తుపట్టడానికే గాని మెచ్చుకోవడానికి కాదు. ఇంటి నంబరు వున్నంత మాత్రాన ఇల్లు మేడ అవుతుందా?

దరఖాస్తుకు ముందు

ఇంత చెప్పినా, తగిన పోటీకి దరఖాస్తు పెట్టమనే నా సలహా. రాకపోయినా లాభమే. పెళ్ళిచూపులకు ఇల్లు సర్దినట్టు, దరఖాస్తు పేరుతో సైటు సర్దుకుంటుంది.

మీ సైటు ఎవరికోసమో రెండు వాక్యాలలో రాయండి. రాయలేకపోతే న్యాయనిర్ణేతకూ అర్థం కాదు. దానివల్ల ఎవరికేం మేలు జరిగిందో చెప్పండి. "లక్షలమంది చూశారు" అనడం కన్నా "ఫలానా పాఠశాలలో ఈ పేజీతో పాఠం చెప్పారు" అనడం బలమయిన సాక్ష్యం. పనిచేయని లింకులు తీసేయండి. చవకరకం ఫోనులో, నెమ్మదిగా వచ్చే ఇంటర్నెట్టుతో తెరిచి చూడండి. చూపులేనివారు స్క్రీన్ రీడరు సాయంతో వింటారు. ప్రతి ఫోటోకూ వివరణ రాసి వుంటేనే వారికి ఆ ఫోటో వున్నట్టు. అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుతురు తేడా కనీసం 4.5కు 1 వుండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. లేత బూడిదరంగు మీద తెల్లని అక్షరాలు ముచ్చటగా వుంటాయి గాని ముసలివాళ్ళ కళ్ళు చిల్లులు పడతాయి.

ఆ తరువాత, పతకాలు ఇవ్వని న్యాయనిర్ణేతలను వెతకండి. ఆ రంగంలో పనిచేసేవారికి చూపించండి. మేము ఒక జౌళి కళాశాల అధ్యాపకునికి సైటు చూపించాం. ఆయన తన తరగతిలో వాడుకుని, ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చారు. "అవార్డు వచ్చిందా" అని అడిగిన పెద్దమనిషి ముందు ఆ కాగితమే పెట్టాం. రెండు లక్షలు రాలలేదు గాని, యాభైవేలు ఇచ్చాడు. వచ్చే ఏడాది లెక్క చూపమన్నాడు. లెక్క అడిగే దాత దొరకడం కూడా ఒక గుర్తింపే.

మా మాటల్లో ఒకటయిన ఆసు సంగతే చూడండి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, తల్లి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పి ఆసు పోస్తూ పడే బాధ చూడలేక, 1999లో యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టుకున్నాడు. పద్మశ్రీ 2017లో వచ్చింది. మధ్య పద్దెనిమిదేళ్ళు పద్మశ్రీ లేకుండానే ఆ యంత్రం తిరిగింది, ఆడవాళ్ళ భుజాల నొప్పి తగ్గించింది. పద్మశ్రీ రావడం అందరికీ ఆనందమే. కాని ఆ యంత్రానికి మొదటి బహుమతి ఎవరిచ్చారంటే, ఆ తల్లి అనే నేను చెబుతాను.