తైలవర్ణ బంధకం వార్ధక్యం: పరారుణ వర్ణపట పరిశీలన

తైలవర్ణ చిత్రంలో రంగునిచ్చేది వర్ణద్రవ్యపు పొడి. ఆ పొడిని చిత్రఫలకానికి పట్టి ఉంచే బంధకం నూనె. ఐరోపా చిత్రకారులు శతాబ్దాల పాటు ప్రధానంగా అవిసె నూనెనే ఇందుకు వాడారు. ‘రంగు ఆరింది’ అనే తెలుగు వాడుక ఈ సందర్భంలో కొంత తప్పుదారి పట్టిస్తుంది. తడిబట్టలోని నీటిలా నూనె ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి, దాని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడతాయి. చిత్రం గోడకెక్కిన తరువాత కూడా ఈ రసాయనిక పరిణామం ఆగదు.

దీనిని గమనించడానికి పరారుణ వర్ణపటమితి ఉపకరిస్తుంది. అణువులోని రసాయన బంధాలు తమ కంపనాలకు సరిపోయే పరారుణ కిరణాలనే శోషిస్తాయి. శోషణ జరిగిన చోట వర్ణపటంలో ఒక పట్టీ ఏర్పడుతుంది. తాజా అవిసె నూనెలో 3010 సెం.మీ⁻¹ దగ్గర కనిపించే చిన్న పట్టీ జంటబంధాల ఉనికికి గుర్తు. నూనె గట్టిపడే క్రమంలో అది కనుమరుగవుతుంది. 1745 దగ్గరి ఎస్టర్ పట్టీ క్రమేణా వెడల్పవుతుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ ఎస్టర్లు జలవిశ్లేషణకు లోనై, విడివడిన కొవ్వు ఆమ్లాల జాడ 1710 ప్రాంతంలో కనిపిస్తుంది.

అసలు చిక్కు ఈ ఆమ్లాలతోనే. సీసం, జింక్ ఉన్న వర్ణద్రవ్యాలతో చర్య జరిపి ఇవి లోహ సబ్బులుగా మారుతాయి. జింక్ సబ్బు స్ఫటిక రూపంలో ఉంటే 1540 దగ్గర సన్నని పట్టీ, అస్ఫటిక రూపంలో ఉంటే 1585 ప్రాంతంలో విశాలమైన పట్టీ వస్తుంది. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న రెంబ్రాంట్ చిత్రం ‘డాక్టర్ టుల్ప్ శరీర నిర్మాణ పాఠం’ (1632) ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1990ల చివర్లో జరిగిన పరిశోధనలో, దాని ఉపరితలంపై పొడుచుకు వచ్చిన సూక్ష్మమైన గడ్డలు సీసపు సబ్బులని తేలింది. ఇటువంటి గరుకుదనాన్ని చిత్రకారుడు కావాలని ఇసుకో ముతక వర్ణద్రవ్యమో కలపడం వల్ల వచ్చిందని భావిస్తే, కాలం చేసిన పనిని శైలిగా వ్యాఖ్యానించినట్లవుతుంది. కళాచరిత్రకారుడికి ఇది చిన్న పొరపాటు కాదు.

అయితే వర్ణపటాన్ని అతిగా నమ్మడమూ ప్రమాదమే. సీసపు తెలుపులోని కార్బొనేట్ 1400 ప్రాంతంలో విశాలమైన పట్టీనిచ్చి, పక్కనున్న సంకేతాలను కమ్మేస్తుంది. గుడ్డుసొన వంటి మాంసకృత్తుల బంధకాలకు 1650తో పాటు 1550 దగ్గర కూడా పట్టీ ఉంటుంది. అది సబ్బుల ప్రాంతమే. ఆ ఒక్క పట్టీని చూసి ‘గుడ్డు వాడారు’ అని నిర్ణయించరాదు. అవిసె నూనెను అక్రోటు నూనె నుంచి వేరుచేయడం కూడా ఈ పద్ధతికి సాధ్యం కాదు. అందుకు గ్యాస్ క్రోమటోగ్రఫీతో పామిటిక్, స్టియరిక్ ఆమ్లాల నిష్పత్తిని చూస్తారు. నూనెల మిశ్రమం ఉన్నప్పుడు అదీ సందేహాస్పదమే.

మిల్లీమీటరు కంటే చిన్న రంగు తునకను రెసిన్‌లో పొదిగి, అడ్డుకోత తీసి, పరారుణ సూక్ష్మదర్శినితో బిందువు తరువాత బిందువుగా కొలిచినప్పుడు ఈ పద్ధతి మరింత ఉపయోగపడుతుంది. సబ్బు ఉన్నదా లేదా అన్నదానికంటే, అది అడుగు పూతలో పుట్టి పైకి వచ్చిందా, పై పొరలోనే ఏర్పడిందా అన్నది సంరక్షకుడికి ముఖ్యం. ఏ ద్రావణితో, ఎంత లోతు వరకు శుభ్రం చేయవచ్చో నిర్ణయించే ముందు ఆయనకు ఆ పటం కావాలి.