పేరులోని క్రీస్తు గుండెలోకి వచ్చిన వేళ

కృష్ణమ్మ నీళ్లు ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లి బందరు, దివిసీమల దాకా పారతాయి. అయితే కాలువ పొలం పక్కనుంచే పోతున్నా, తూము తెరవనిదే మడి తడవదు. డెల్టా రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. విశ్వాసమూ అంతే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు సువార్తతో బందరుకొచ్చారు. ఆనాటినుంచి ఈ గడ్డ మీద ప్రభువు పేరు పెట్టుకున్న కుటుంబాలెన్నో! పేరులో క్రీస్తు ఉన్నాడు సరే, గుండె తూము తెరుచుకుందా? ఆటలో, వ్యాపారంలో ఎంతో ఎత్తుకెదిగి, చివరికి జైలుగదిలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చిన ఒక అమెరికన్ కథ ఇది.

అతని పేరే క్రిస్టియన్. క్రిస్టియన్ హొసోయ్ 1967లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టాడు. చెక్కపలక కింద చక్రాలు బిగించి, దానిమీద నిలబడి దూసుకెళ్లే స్కేట్‌బోర్డు ఆట అతనికి చిన్ననాటి నుంచే ప్రాణం. తండ్రి ఒక స్కేట్ పార్కుకు మేనేజరు కావడంతో బడికంటే పార్కే అతనికి ఎక్కువైంది. 14 ఏళ్లకే ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడు. ఏదో కంపెనీ బోర్డు మీద తన పేరు వేయించుకుని కొంత రాయల్టీ పుచ్చుకోవడం ఆనాటి ఆటగాళ్ల పద్ధతి. హొసోయ్ దానితో సరిపెట్టుకోలేదు. 1980ల మధ్యలో, టీనేజీలోనే, సొంత పేరుతో కంపెనీ పెట్టాడు. సుత్తితల సొరచేపను పోలిన అతని ‘హ్యామర్‌హెడ్’ బోర్డు కుర్రకారును ఊపేసింది. డబ్బు, పేరు, విందులు... దేనికీ కొదువలేదు.

అతని విన్యాసాల్లో ఒకదాని పేరు ‘క్రైస్ట్ ఎయిర్’. గాలిలోకి లేచి, ఒక చేత్తో బోర్డు పట్టుకుని, సిలువ మీద ఉన్నట్టుగా రెండు చేతులూ చాచి, మళ్లీ బోర్డు మీదే దిగేవాడు. జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. మనిషి పేరు క్రిస్టియన్, విన్యాసం పేరులో క్రీస్తు, గాలిలో సిలువ ఆకారం! కాని ఆ సిలువ మీద తనకోసం ప్రాణం పెట్టినవాడెవరో అతనికి తెలియదు.

చిన్నవయసులోనే అంటుకున్న మత్తు అతనితోపాటే పెరిగింది. 1990ల ఆరంభంలో అతను ఆడే తరహా ఆటకు ఆదరణ పడిపోయింది, రాబడి ఎండిపోయింది. కాని మత్తు మాత్రం వదల్లేదు. 1995లో సాహస క్రీడల మహాపోటీ ‘ఎక్స్‌ట్రీమ్ గేమ్స్’ మొదటిసారి జరిగింది. పాత ప్రత్యర్థి టోనీ హాక్ అక్కడ వెలిగిపోయాడు. హొసోయ్‌కీ ఆహ్వానం ఉంది, కాని అరెస్టు వారంటు భయంతో అతను ముఖం చాటేశాడు. 2000 జనవరిలో హోనొలులు విమానాశ్రయంలో సుమారు 680 గ్రాముల మెథ్ అనే మాదకద్రవ్యంతో దొరికిపోయాడు. పదేళ్ల శిక్ష పడేలా ఉంది. జైలునుంచి ప్రియురాలికి ఫోన్ చేస్తే, దేవుణ్ణే నమ్ముకోవాలని ఆమె చెప్పింది. ఆ తర్వాత ఆమే అతని భార్య అయింది. హొసోయ్ బైబిలు తెరిచాడు. గాలిలో చేతులు చాచినవాడు జైలుగదిలో చేతులు జోడించాడు. తూము తెరుచుకుంది!

ఫిలేమోను పత్రికలో ఒనేసిము కథా ఇలాంటిదే. ఆ పేరుకు ప్రయోజకుడని అర్థం. కాని యజమానినుంచి పారిపోయిన ఆ దాసుడు పేరుకే ప్రయోజకుడు. సంకెళ్లలో ఉన్న పౌలు దగ్గర ప్రభువును తెలుసుకున్నాకే ఆ పేరు నిజమైంది.

2004లో హొసోయ్ విడుదలయ్యాడు. హంటింగ్టన్ బీచ్‌లోని ‘ద శాంక్చురీ’ చర్చి అతణ్ణి ఆదరించింది. దాని పాస్టరు జే హెయిజ్‌లిప్ కూడా ఒకప్పుడు స్కేట్‌బోర్డరే, మత్తులో నలిగి ప్రభువు కృపతో బయటపడ్డవాడే. ఆ సంఘంలోనే హొసోయ్ పాస్టరయ్యారు. అలాగని ఆటనూ వ్యాపారాన్నీ పాపమని పారేయలేదు. ఆయన పేరున బోర్డులూ బూట్లూ మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పిన పౌలు బాట అది (అపొ.కా. 18). తాను పడిపోయిన లోకంలోకే ఆయన సాక్షిగా తిరిగి వెళ్లారు. 2012లో తన ఆత్మకథలో పతనాన్నీ దాచకుండా రాసుకున్నారు.

మత్తు ఈనాడు మన ఊళ్లకూ, కాలేజీలకూ కొత్త కాదు. ఆ ఊబిలో చిక్కిన కొడుకుకోసం ఆదివారం చివరి వరుసలో కూర్చుని మౌనంగా కన్నీళ్లు పెట్టుకునే తల్లులు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆ బిడ్డ రేపు జైలునుంచో, డీ-అడిక్షన్ సెంటర్‌నుంచో తిరిగొస్తే పక్కన కూర్చోబెట్టుకునేదెవరు? తన దుకాణంలో పని ఇచ్చేదెవరు? ఒనేసిము ఏదైనా బాకీ ఉంటే దాన్ని తన లెక్కలో వేయమని పౌలు ఫిలేమోనుకు రాశాడు. మన బాకీని యేసుప్రభువు తన లెక్కలో వేసుకున్నాడని ప్రతి ఆదివారం పాడుకునే మనం, దారితప్పి తిరిగొచ్చిన ఒక్క బిడ్డకోసం అలాంటి ఉత్తరం రాయగలమా? రాయగలిగిన రోజున ‘క్రైస్తవులు’ అన్న మన పేరూ నిజమవుతుంది.