పొడవు రెట్టింపైతే తూకం ఎనిమిది రెట్లు
కానాగంతల వ్యాపారంలో మరువరాని లెక్క

విశాఖపట్నం చేపలరేవులో వేలంపాట సాగేటప్పుడు వర్తకుని చూపు ముందుగా చేప సైజు మీదనే పడుతుంది. వంజరమైనా, చందువ అయినా, కానాగంత అయినా ఒకే తూకంలో పెద్ద చేప వున్న సరుకుకే గిరాకీ హెచ్చు. సన్న సరుకు చాలవరకు ఎండుచేపల కళ్లాలకో, చేపపొడి మిల్లులకో పోవలసిందే. ధరలోని ఈ తేడా అందరికీ తెలిసినదే. తూకంలో జరిగే నష్టం మాత్రం అంతగా లెక్కకు రావడం లేదు.

చేప పొడవు పెరుగుతుంటే దాని వెడల్పు, మందం కూడ దాదాపు అదే పాళ్లలో పెరుగుతాయి. అందుచేత తూకం పొడవుతో సమంగా గాక, పొడవు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల చేప 10 గ్రాములు తూగుతుందనుకుంటే, అదే ఆకారంతో 20 సెంటీమీటర్లకు ఎదిగేసరికి 80 గ్రాములు తూగుతుంది. మొదటి సైజు చేపలు కిలోకు 100 కావాలి. రెండవ సైజువి పన్నెండు, పదమూడు చాలు.

ఇది ఉజ్జాయింపు లెక్క. ఘాతం సరిగ్గా 3 వుండాలని లేదు. చాలా రకాల చేపలలో అది 2.5కు, 3.5కు మధ్య వుంటుంది. పైగా ఒకే పొడవు గల రెండు చేపలు ఒకే తూకం తూగవు. మేత బాగా దొరికిన కాలంలో, గుడ్లతో నిండిన రోజులలో చేప బరువెక్కుతుంది. గుడ్లు విడిచిన తర్వాత తేలిక పడుతుంది. కొలిచే పద్ధతి కూడ ముఖ్యమే. తోక చివరి వరకు కొలిచిన అంకెను, తోక చీలిక వరకు కొలిచిన అంకెతో పోల్చరాదు.

కానాగంతకు, ఈ తీరానికి పాత సంబంధం వున్నది. విశాఖపట్నం చేపలపై పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన గ్రంథంలోని స్థానిక నామాన్నే గ్రహించి, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియర్ 1816లో దీనికి ‘కానాగుర్తా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు.

ఇక లాభనష్టాల సంగతి. పై లెక్కలోని 10 సెంటీమీటర్ల పిల్లలు కిలో, అంటే 100, వలలో పడకుండా మిగిలాయనుకుందాం. అన్నీ బతకవు, పెద్ద చేపలకు ఆహారమయ్యేవి, రోగంతో పోయేవి వుంటాయి. సగం పోయినా, మిగిలిన 50 చేపలు 20 సెంటీమీటర్లకు ఎదిగేసరికి 4 కిలోలవుతాయి. ఎనభై పోయి ఇరవయ్యే మిగిలినా 1,600 గ్రాములు దక్కుతాయి. పైగా ఆ సరుకు చేపపొడికి గాక కూర బజారుకు పోతుంది.

కేరళ ప్రభుత్వం 2015లో కానాగంతకు 14 సెంటీమీటర్లు, నూనెకవళ్లకు 10 సెంటీమీటర్లు కనీస సైజుగా నిర్ణయించింది. 14 సెంటీమీటర్ల చేప 20కి ఎదిగితే తూకం ఇంచుమించు మూడు రెట్లవుతుంది కనుక, ఆ హద్దు దాటిన తర్వాత కూడ వేచినవారికి ఫలం వున్నదన్నమాట.

అయితే వేచేది ఎవరు అన్నదే చిక్కు. బోటు యజమానికి డీజిలు, ఐసు, కళాసీల బత్తాల ఖర్చు ఈ రోజుదే. అతడు విడిచిన పిల్లచేప రేపు పక్క బోటు వలలో పడవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిలుపుదల అందరికీ ఒకేసారి వర్తిస్తున్నది కనుకనే అమలు సాధ్యమవుతున్నది. వల కన్ను సైజుకు, చేప సైజుకు కూడ రేవులోని బోట్లన్నీ ఒకే కట్టుబాటుకు లోబడితే తప్ప, ఈ ఎనిమిది రెట్ల లాభం ఏ ఒక్కరి ఖాతాలోనూ జమపడదు.