కొట్టవద్దనే కాగితం

భార్యను కొట్టిన మగవాణ్ణి శిక్షించడానికి మన దేశంలో చట్టాలకు కొరత లేదు. రేపు మళ్ళీ కొట్టకుండా ఈవేళే చెయ్యి పట్టుకుని ఆపే చట్టం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండువారు 1976లోనే అటువంటి శాసనం చేసుకున్నారు. మన పార్లమెంటు గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టాన్ని 2005లో చేసింది. 2006 అక్టోబరు 26 నుంచి అది అమలులో ఉన్నది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తెలియని ఇళ్ళు మా భైంసాలో ఇంకా చాలా ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దెబ్బలు తిన్న ఆడకూతుర్ని ఠాణాకు పోదాం రమ్మంటే మా వైపు తరచుగా వినబడే జవాబు ఒకటున్నది: "ఆయనను జైలుల ఏస్తే ఇల్లెట్ల గడుస్తదన్నా? నాకు కొట్టుడు బందైతె చాలు." ఆమె అడుగుతున్నది న్యాయమే. 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498-ఏ సెక్షను ఉన్నది; 2024 జూలై నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అయింది. కాని అది శిక్షకు పోయే దారి. పోతే పెద్దమనుషుల పంచాయితీ ఉన్నది. అక్కడ మొగుడు తలవంచుకుని, "ఇగ కొట్ట" అని ఒప్పుకుంటాడు. ఆ మాటకు పూచీ ఎవరు?

ఈ రెంటికీ నడుమ మూడవ దారి తీసినది 2005 చట్టం. ఈ చట్టం కింద మొదటి తరగతి మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చును. కొట్టరాదు, కొట్టించరాదు, ఆమె పనిచేసే చోటికి పోరాదు, నోటితో గాని, ఉత్తరంతో గాని, ఫోనుతో గాని ఆమెను పలకరించే ప్రయత్నం చేయరాదు, ఆమెకు తోడుగా నిలిచిన తల్లిదండ్రుల జోలికి పోరాదు — ఇవన్నీ అందులో రాయవచ్చును. వెంటబడి వేధించే మొగుడికి ఇంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం. ఇల్లు ఎవరి పేర ఉన్నా ఆమెను వెళ్ళగొట్టరాదనీ, అవసరమైతే అతడే బయటికి పోవాలనీ, ఖర్చులకు డబ్బు కట్టాలనీ కూడా ఆజ్ఞాపించవచ్చును. ఇది ఏ ఒక్క మతానికో చెందిన చట్టం కాదు. పెళ్ళాడిన భార్యకే కాదు. తల్లికి, చెల్లెలికి, ఇంట్లో ఉన్న విధవ కోడలికి కూడా వర్తిస్తుంది.

"కాగితం చూసి భయపడేవాడైతే కొట్టనే కొట్టడు గదా!" అని పాఠకులు నవ్వవచ్చు. కిటుకంతా ఇక్కడే ఉన్నది. ఉత్తర్వు అడిగేటప్పుడు వ్యవహారం సివిలు తరహాది. 2016లో ఒక తెలుగు దంపతుల తగాదాలో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పి, మొదట అడగడం మరచిన సహాయాన్ని అర్జీలో తరువాత చేర్చుకోవచ్చునన్నది. కాని ఉత్తర్వును దాటాడా, అది నేరమవుతుంది. ఏడాది దాకా ఖైదు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చు. బెయిలు హక్కుగా దొరకదు. అంటే, జైలుకు పోవడమో మానడమో అతడి చేతిలోనే పెట్టారన్నమాట.

మా ఊరివారు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి. భైంసా మహారాష్ట్ర సరిహద్దులో ఉన్నది. ధర్మాబాదు, భోకర్, నాందేడు — వీటితో మాకు బేరాలూ ఉన్నాయి, వియ్యాలూ ఉన్నాయి. అక్కడ దెబ్బలు తిని తల్లిగారింటికి వచ్చిన పిల్ల, కేసు వేయడానికి మళ్ళీ నాందేడుకే పోవాలి కాబోలుననుకుని ఊరుకుంటుంది. పోనక్కరలేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. సరిహద్దు దాటగానే దాని బలం తగ్గదు.

ఇంత మంచి చట్టానికీ హద్దులు ఉన్నాయి. రక్తసంబంధమో, పెళ్ళో, పెళ్ళివంటి కాపురమో ఉండి, ఎప్పుడైనా ఒకే ఇంట్లో కలిసి ఉన్నవారికే ఇది పనికివస్తుంది. కాలేజీకి పోయే పిల్లను బస్టాండు దాకా వెంటాడే పోకిరికి ఇది తగలదు. అతడిపై 78వ సెక్షను కింద ఫిర్యాదు చేయాలి; మొదటిసారికి మూడేళ్ళు, మళ్ళీ చేస్తే అయిదేళ్ళ దాకా శిక్ష. సివిలు కోర్టులో ఇంజంక్షను దావా వేయవచ్చును గాని, కోర్టు ఇచ్చిన తాత్కాలిక ఇంజంక్షనును అతడు దాటితే ఆమే మళ్ళీ కోర్టుకు పోయి మొరపెట్టుకోవాలి. అంతా రుజువైతే మూడు నెలలకు మించని సివిలు ఖైదు. పరాయివాడి నుంచి ఆడపిల్లను కాచే గట్టి రక్షణ ఉత్తర్వు మన చట్టంలో ఇంకా రాలేదు. రావలసి ఉన్నది.

రెండవ చిక్కు ఆలస్యం. మామూలుగా మూడు రోజులలో మొదటి విచారణ, ఆపైన అరవై రోజులలో తీర్పుకు ప్రయత్నం అని చట్టంలో ఉన్నది. ఆచరణలో వాయిదాలు పెరుగుతాయి. అందుకే ప్రమాదం ఉన్నదని ప్రమాణపత్రంలో చెప్పి, అవతలివాడు రాకముందే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. మేజిస్ట్రేటుకు ఆ అధికారం ఉన్నది. అర్జీ రాయడానికి తోడుపడవలసినవాడు రక్షణాధికారి. అటువంటి అధికారులు లేని చోట్ల ఆరు వారాలలో ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2025 మే నెలలో రాష్ట్రాలను ఆదేశించింది. వకీలుకు ఫీజు లేదని వెనుదీయనక్కరలేదు. 1987 చట్టం ప్రకారం ఆడవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఆపదలో 181, 112 ఉన్నాయి.

చివరిగా సోదరీమణులకు ఒక్క మనవి. ఉత్తర్వు వచ్చాక దాని నకలు ఉచితంగా ఇస్తారు. ఠాణాకూ ఒకటి పంపుతారు. మీ నకలును పెట్టె అడుగున దాచకండి. ఒకటి తల్లిగారింట్లో ఉంచండి. మరొకటి పక్కింటి అక్క చేతికివ్వండి. అతడు మొదటిసారి గీత దాటిన నాడే తేదీ వేసి ఫిర్యాదు రాయించండి. రెండవసారి చూద్దాంలే అని ఊరుకుంటే, ఆ ఉత్తర్వు ఉత్త కాగితమేనని అతడికి మనమే నేర్పినట్లవుతుంది.