అవ్వ మాట, ఒక డయల్

అనంతపురం కరువు రోజుల గురించి మా అవ్వ చెప్పినవి ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఇప్పుడు అవ్వ లేదు. అర్థం కాని మాట మళ్ళీ వినాల్సిందే.

మౌస్‌తో వెనక్కి లాగితే ఆడియో ఎక్కడికో పోతోంది. అందుకే సీనియర్ దగ్గర సర్ఫేస్ డయల్ తీసుకున్నా. 2016లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది, బ్లూటూత్‌తో పనిచేస్తుంది. ఎటు తిప్పామో, ఎంత తిప్పామో, అంతే కంప్యూటర్‌కి చెప్తుంది. నాకు కావాల్సిందీ అదే: ఉన్నచోటు నుంచి కాస్త వెనక్కి.

విండోస్ 10 సెట్టింగ్స్‌లో ‘వీల్’ కింద, ఎడమకి తిప్పితే షిఫ్ట్, ఎడమ బాణం నొక్కినట్టు పెట్టాను. వీఎల్‌సీ 3 సెకన్లు వెనక్కి వెళ్తుంది. ఆ విండోనే ముందుండాలి, లేకపోతే కీలు వేరే యాప్‌కి పోతాయి. కాబట్టి ఎడమచేత్తో డయల్, కుడిచేత్తో నోట్‌బుక్.

నిన్న నాలుగుసార్లు తిప్పాక తెలిసింది. నేను ‘కొత్తన్నం’ అని రాసుకున్నది ‘కొర్రన్నం’. కరువులో కొత్తన్నం ఎక్కడిది!